అందరినీ లేపే అనిత

అశోక్‌నగర్‌లోని ఆ ఆడపిల్లల హాస్టల్లో గోడకి గడియారం ఉంది. పిల్లలందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫోన్లలో అలారాలున్నాయి. అయినా వాటిని నమ్మి పడుకునే పిల్ల ఒక్కతీ లేదు. అలారం మోగితే దాని నోరు నొక్కడం చేతికి నిద్రలోనే వచ్చు. అనిత నోరు నొక్కడం మాత్రం ఎవరి తరమూ కాదు.

అందుకే రాత్రి భోజనాలయ్యాక, పళ్లేలు కడిగే చోట, ఒక్కొక్కరే వచ్చి ఆమె చెవిన వేసేవాళ్లు.

“అక్కా, రేపు జర ఐదింటికి లేపవా?”

“నన్ను ఇంకా ముందుగాల్నే లేపక్కా. లేవకుంటే మొఖం మీద నీళ్లు కొట్టు.”

అనిత అలాగేనని తల ఊపేది. ఎక్కడా రాసుకునేది కాదు. పడుకునే ముందు ఒకసారి అందరినీ మనసులో తలుచుకునేది, అంతే. తెల్లవారుజామున, వీధి దీపాలు ఇంకా వెలుగుతుండగానే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు మెలకువ వచ్చేసేది.

అది పుట్టుకతో వచ్చిన విద్యేమీ కాదు. వాళ్ల అమ్మ బాలనాగమ్మ, నాయన దాసయ్య పాలమూరు నుంచి వలస వచ్చి బిల్డింగుల దగ్గర కూలిపని చేస్తున్నారు. బిల్డింగు ఎక్కడ లేస్తే వీళ్ల రేకుల షెడ్డు అక్కడ. చిన్నప్పుడు అనిత కళ్లు తెరిచేసరికి షెడ్డు ఖాళీగా ఉండేది. అమ్మ ముఖం చూడాలంటే అమ్మ కంటే ముందు లేవాలని ఆ వయసులోనే అర్థమైంది. సద్ది గిన్నె మూత చప్పుడుకి లేవడం అలా అలవాటైంది. ఇప్పుడు గిన్నె లేదు, చప్పుడూ లేదు, అయినా కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి.

లేపడమంటే తేలిక అనుకునేరు. అందరినీ ఒకేలా లేపితే సగం మంది లేవరు, తక్కిన సగం మంది తిడతారు. తన్మయి డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద సీటు కోసం గేటు తెరవకముందే వెళ్లి వరసలో సంచీ పెట్టే రకం. ఆమెను ముట్టుకోనక్కర్లేదు, “సీటు పోతది తన్మయీ” అంటే చాలు, దిగ్గున లేచి కూర్చుంటుంది. ఇంజనీరింగు మొదటి ఏడు మాధురికి పాదాల మీద దుప్పటి తొలగించాలి, అంతకు మించి తొలగిస్తే ఏడుస్తుంది. ఇక శ్రీదివ్య. ఎం.కాం. చదివే ఈ పిల్ల, దేవుడు దిగొచ్చి మంచం పక్కన నిలబడ్డా లేవదు. కళ్లు విప్పకుండానే, “ఇంకో పది నిమిషాలక్కా” అంటుంది. అనిత ఆమె కాళ్ల దగ్గర మంచం మీద కూర్చునేది. ఆ పది నిమిషాలు అయ్యాక ఇంకో పది. శ్రీదివ్య పది నిమిషాలకు లెక్కా లేదు, పత్రమూ లేదు.

నిజం చెప్పాలంటే అనితకు రోజంతటిలో ఇష్టమైన వేళ అదే. చీకటి పూర్తిగా పోదు, వెలుతురు పూర్తిగా రాదు. కింద సందులో పాల ప్యాకెట్ల ట్రేలు దించుతున్న చప్పుడు. పక్కింటి ఆవిడ వాకిట్లో నీళ్లు చల్లుతున్న చప్పుడు. నారాయణగూడ వైపు ఎక్కడో మొదటి బస్సు మలుపు తిరుగుతూ మూలుగుతుంది. గదిలో పది మంది ఊపిరి. ఆ ఊపిరి మధ్య కూర్చుంటే తాను కూడా ఎక్కడో తేలుతున్నట్టుండేది.

పైగా, నిద్రలోంచి పూర్తిగా బయటికి రాకముందే పిల్లలు ఏవేవో చెప్పేవాళ్లు.

“లైబ్రరీలకు నీళ్లొచ్చినయక్కా,” అనేది తన్మయి కళ్లు మూసుకునే. “పుస్తకాలన్నీ తేలుకుంట బయటికి పోతున్నయ్. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు దాంక పోయినయ్.”

“మంచిగైంది. ఇగ చదువుడు తప్పింది. లెవ్వు.”

“మా మేనత్త పరీక్ష హాల్ల మామిడికాయలు అమ్ముతుందక్కా,” అనేది మాధురి. “అందరికీ కొసరేస్తుంది, నాకే ఏస్తలేదు.”

పావుగంటలో వాళ్లు ఆ కలలు మరిచిపోయేవాళ్లు, బకెట్ల కోసం కొట్లాడుకునేవాళ్లు. అనితకు మాత్రం గుర్తుండేవి. ఆమెకు సొంతంగా కలలు రావు. కల రావాలంటే కాస్త లోతుగా నిద్రపోవాలి కదా. అందుకని ఊళ్లో వాళ్ల పిల్లలను ఎత్తుకుని మురిసిపోయినట్టు, పరాయి కలలతోనే మురిసిపోయేది.

ఇలాంటి మనిషికి పేరు రాకుండా ఎలా ఉంటుంది? వార్డెను జయశ్రీ కొత్తగా చేరిన పిల్లలను కామన్ హాల్లో కూర్చోబెట్టి, “టైమంటే ఏందో తెల్వాల్నంటే అనితను చూడుర్రి” అని ఆమెను ముందుకు తోసేది. అనిత మొదట సిగ్గుపడి, తర్వాత బాగానే చెప్పేది. ఏ సబ్జెక్టు చూస్తే భయమేస్తుందో దాన్నే పొద్దున్నే తియ్యాలి, సాయంత్రానికి దాచుకుంటే అది సాయంత్రానికల్లా పెరిగి ఉంటుంది. లైబ్రరీలో సీటు మీద పుస్తకం పెట్టి చాయ్‌కి పోతే పుస్తకం చదువుకుంటుంది గాని మీరు చదవరు. టైమ్‌టేబుల్‌కి రంగులు వేసే పని మానుకోండి, ఆ రంగులు వేసే పొద్దుకి ఒక పాఠం అయిపోతుంది. రోజులో ఒక గంట ఏ పనీ పెట్టకుండా వదిలెయ్యండి, అనుకోని పని ఎలాగూ వచ్చి దాన్ని తింటుంది. క్యాంపస్‌కి పోవాలంటే బస్సు ఎక్కిన కాడి నుంచి కాదు, చెప్పులు వెతుక్కునే కాడి నుంచి లెక్కపెట్టండి. పిల్లలు నవ్వేవాళ్లు, నవ్వి ఫోన్లలో ఎక్కించుకునేవాళ్లు. వాళ్లలో కొందరు నిజంగా బాగుపడ్డారు కూడా. రెండో అంతస్తులో ఒక పిల్ల ఆ మాటలను అట్టమీద రాసి తలుపు వెనక అంటించింది.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అనిత ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తికాలేదు. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, స్టాటిస్టిక్స్ ఒక్కటి మిగిలింది. ఫలితాలు వచ్చిన రోజు తన్మయి వాళ్లు “ఏమైందక్కా?” అని మూగితే, ఆమె నోట్లోంచి “అయిపోయింది” అనే మాట వచ్చింది. అబద్ధమాడాలనుకోలేదు, అంతమంది ముఖాలు చూసి నిజం నాలుక దాటలేదు. ఆ సాయంత్రమే నాయన ఫోన్ చేశాడు. అక్కడా అదే మాట. దాసయ్య పని ఆపి, మేస్త్రీకి, తోటి కూలీలకి, సిమెంటు లారీ డ్రైవరుకి కూడా చెప్పాడట, “మా బిడ్డ ఎమ్మే అయిపోయింది” అని. అందరికీ చాయ్ పోయించాడని అమ్మ చెప్పింది. ఆ మాట విన్న రాత్రి అనిత తేలు కుట్టిన దొంగలా దుప్పటి కప్పుకుని పడుకుంది, ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

ఇప్పుడు లెక్చరర్ ఉద్యోగాలకు చదువుతున్నానని హాస్టల్లో చెప్పుకుంది. ఆ ఒక్క పేపరు మళ్లీ ఏడాదికి గాని రాదు. ఈసారి గట్టెక్కితే పట్టా చేతికొస్తుంది, ఆడిన అబద్ధం ఎవరికీ తెలియకుండానే నిజమైపోతుంది. ఆమెకు కావలసింది అంతే.

కావలసింది అదే అయితే కూర్చుని చదవాలి కదా? అక్కడే ఉంది చిక్కు. స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిస్తే గుండెలో రాయి పడేది. ఆ రాయి పడగానే, తన్మయి లేచిందో లేదో చూసి రావాలనిపించేది. మాధురికి పట్టికలు వెయ్యడం చూపించాలనిపించేది. శ్రీదివ్య పది నిమిషాలు ఉండనే ఉన్నాయి. ఎవరికోసమో కూర్చుంటే తనను తాను తిట్టుకునే పని లేదు. ఆమె మంచితనం అబద్ధమని నేననను. కానీ ఆ మంచితనం చాటున ఒక భయం కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది, అది ఆమెకూ తెలుసు. భయపడే సబ్జెక్టును పొద్దున్నే తియ్యమని అందరికీ చెప్పిన మనిషి, తన పొద్దులన్నీ ఊరికి పంచిపెట్టింది.

పరీక్ష దగ్గరపడ్డాక ఇక తప్పక, అందరూ పడుకున్నాక మేడ మీదికి పోయి చదవడం మొదలుపెట్టింది. వారం పాటు నిద్ర అన్న మాటే లేదు. చిత్రమేమిటంటే, ఆ వారంలో లెక్కలు అర్థం కాసాగాయి. ఏడాదిగా బూచిలా కనబడ్డ పాఠం తీరా చూస్తే పెద్ద కష్టమేమీ కాదు. ఇంతేనా అనుకుని ఆమెకు తన మీద తనకే కోపం, ఆ వెంటనే సంతోషం. పాసవుతానన్న ధైర్యం మొదటిసారి వచ్చింది.

పరీక్ష రోజు తెల్లవారింది. పరీక్ష పదింటికి. ఆ రోజైనా పిల్లలను వాళ్ల మానాన వదిలెయ్యవచ్చు. కానీ లేపకపోతే ఎందుకు లేపలేదని అడుగుతారు, అడిగితే చెప్పాలి. అందుకని హాల్ టికెట్టు, పెన్నులు తన గదిలో సంచీలో సర్ది, ఫోను చార్జింగుకి పెట్టి, ఎప్పటిలాగే బయలుదేరింది. తన్మయికి సీటు గుర్తు చేసింది. మాధురి పాదాల మీద దుప్పటి తీసింది. శ్రీదివ్య దగ్గరికి వచ్చింది.

“ఇంకో పది నిమిషాలక్కా,” అంది శ్రీదివ్య అటు తిరిగి.

“సరే,” అని మంచం మీద కూర్చుని, గోడకి వీపు ఆనించింది. గోడ చల్లగా ఉంది. కిటికీలోంచి ఇడ్లీ ఆవిరి వాసన, తడి మట్టి వాసన కలిసి వస్తున్నాయి. కింద నీళ్ల మోటారు ఆగిపోయింది. అది ఆగాకే ఇంతసేపూ అది మోగుతోందని తెలిసింది. అనిత కళ్లు ఒక్కసారి మూసి తెరుద్దామనుకుంది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నడుస్తోంది. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. రోడ్డు పొడుగునా పరుపులు పరిచి ఉన్నాయి, ఒక్కొక్క పరుపు మీద ఒక్కొక్కరు నిద్రపోతున్నారు. డ్రైవర్లు, కూరగాయల వాళ్లు, లైబ్రరీ పిల్లలు, పరీక్ష పేపర్లు దిద్దే సార్లు. బస్సులు కూడా రోడ్డు పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఆమె ఒక్కతే మెలకువగా ఉంది. అలవాటు కొద్దీ వంగి ఒకరిని లేపబోయింది, ఎవరో వద్దన్నారు. ఎవరినీ లేపనక్కర్లేదు, ఈ రోజుకి ఎవరికీ ఏ పనీ లేదు. ఆ మాట వినగానే ఒళ్లంతా దూదిలా తేలికైపోయింది. అమ్మ ఒక పరుపు మీద చేతులు చాపి పడుకుని ఉంది, అరచేతుల్లో ఇటుక పొడి ఎర్రగా. ఆమె పక్కన ఖాళీ ఉంది. అనిత వెళ్లి ఆ ఖాళీలో పడుకుంది. ఎవరో దుప్పటి కప్పారు. బతుకులో అంత హాయి ఎప్పుడూ ఎరగదు.

దుప్పటి కప్పింది మాత్రం నిజంగానే శ్రీదివ్య. పది నిమిషాలు కాస్తా చాలా దూరం పోయాక, ఎవరూ లేపకుండానే ఆ పిల్లకి మెలకువ వచ్చింది. కాళ్ల దగ్గర అనితక్క గోడకి తల వాల్చి, నోరు కాస్త తెరిచి, చంటిపిల్లలా నిద్రపోతోంది. అలాంటి దృశ్యం ఆ హాస్టల్లో ఎవరూ చూడలేదు. శ్రీదివ్య మెల్లగా లేచి, ఆమె తల కింద దిండు పెట్టి, తన దుప్పటి కప్పింది. తర్వాత తన్మయిని, మాధురిని పిలుచుకొచ్చి తలుపు దగ్గర నిలబెట్టి చూపించింది.

“పాపం, రోజూ మనల్ని లేపుతది,” అంది మాధురి గుసగుసగా. “ఇయ్యాలొక్కరోజు పండుకోనియ్యుర్రి.”

ఆ మాట మేడంతా పాకింది. ఏ అంతస్తులోనూ ఆ పొద్దున బకెట్ చప్పుడు లేదు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగారు. శ్రీదివ్య తన ఫోను అలారం తీసేసింది. ఎవరో కిటికీకి చున్నీ కట్టి ఎండ ఆపారు. వార్డెను జయశ్రీ వంటగదిలో మిక్సీ ఆపించి, చట్నీ రోట్లో నూరించి, అనిత కోసం ఇడ్లీలు విడిగా మూత పెట్టింది. ఒకరికి ప్రేమగా ఏమైనా చెయ్యాలని ఆ హాస్టల్ మొత్తం ఒక్క మాట మీద నిలబడ్డ రోజు అదొక్కటే.

అనిత కళ్లు తెరిచేసరికి గది ఖాళీగా ఉంది. చున్నీ సందులోంచి ఎండ గీతలా మంచం మీద పడుతోంది. ఎంత బాగా నిద్రపట్టింది అని నవ్వుకుంది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే ఎండ అక్కడి దాకా ఎందుకొచ్చిందో అర్థమైంది. పరుగెత్తుకుని తన గదికి పోయి ఫోను చూసింది. పది దాటిపోయింది. సంచీ భుజాన వేసుకుని, ముఖం కూడా కడగకుండా, మెట్లు మూడేసి చొప్పున దిగింది. పరీక్ష మొదలైన అరగంట దాకా లోపలికి రానిస్తారు, ఆశంతా అక్కడుంది.

“అన్నా, క్యాంపస్‌కి. జల్దీ పోనియ్యన్నా.”

రాంనగర్ దగ్గర ఆటో ఆగిపోయింది. రోడ్డు తవ్వారు. ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ. కదిలి, ఆగి, అడిక్‌మెట్ వంతెన ఎక్కి దిగేసరికి ఆమె పెదవులు ఆరిపోయాయి. పరీక్షా కేంద్రం గేటు ముందు చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు, ఆ చెప్పులు కూడా ఆమెవే. గేటు దగ్గరి పెద్దాయన హాల్ టికెట్టు చూసి తిరిగి ఇచ్చాడు.

“అరగంట ఎప్పుడో అయిపోయిందమ్మా. నా చేతుల లేదు బిడ్డా.”

ఆయన నిజంగానే బాధపడ్డాడు. అనిత గేటు ఊచల్లోంచి చూసింది. లోపల చెట్ల నీడ, మూసిన తలుపులు, ఆ తలుపుల వెనక తనకు వచ్చిన లెక్కలు.

తిరిగి ఆటో ఎక్కలేదు. నల్లకుంట మీదుగా నడిచింది. నడుస్తున్నంతసేపూ కోపం మరుగుతూనే ఉంది. ఒక్కరు, ఇంతమందిలో ఒక్కరు తన భుజం తట్టలేకపోయారా? ఏళ్లుగా లేపింది కదా, ఒక్కనాడు లేపడానికి చేతులు పడిపోయాయా? శ్రీదివ్యని ఏమనాలో, మాధురిని ఏమనాలో మాటలన్నీ పేర్చుకుంది. చిక్కడపల్లి దాటేసరికి ఆ మాటలు పదునెక్కి ఉన్నాయి.

హాస్టల్ గేటు తెరవగానే పిల్లలు మెట్ల మీద కూర్చుని కనబడ్డారు. ఆమెను చూడగానే ముఖాలు వెలిగిపోయాయి.

“అక్కా!” మాధురి ఎగిరొచ్చింది. “మంచిగ నిద్రపట్టిందా? అందరం చెప్పులు చేత్ల పట్టుకొని దిగినం తెల్సా? తన్మయక్క అయితే నీ కోసమని లైబ్రరీ సీటు గూడ ఇడిచిపెట్టింది, మళ్ల తలుపు చప్పుడైతదని.”

“మిక్సీ గూడ ఏసుకోలె,” అంది జయశ్రీ వెనక నుంచి. “ఇడ్లీలు చల్లారినయ్. ఎటు పోయినవ్ గింత ఎండల?”

అనిత వాళ్ల ముఖాల వంక చూసింది. పదునెక్కిన మాటల్లో ఒక్కటీ గొంతు దాటలేదు. మంచిగ పట్టింది అని ఈసారి కూడా అనవచ్చు. అంటే అందరూ సంతోషంగా భోజనానికి పోతారు, ఏ గొడవా ఉండదు. ఇంకో ఏడాది మేడ మీద ఒంటరిగా చదువుకోవచ్చు.

“ఇయ్యాల నాకు పరీక్షుండె,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

“ఎమ్మే పాస్ కాలె నేను. ఒక పేపర్ మిగిలింది. అది ఇయ్యాల్నే ఉండె. పోయింది.”

మాధురి ముఖంలో నవ్వు వెంటనే పోలేదు, ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయింది. శ్రీదివ్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

“చెప్పనే లేదు గదక్కా,” అంది తన్మయి, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో. “ఒక్క మాట చెప్తే రాత్రంత మేల్కొని లేపకపోదుమా?”

“చెప్పలె,” అంది అనిత. “మీ తప్పు గాదు. నేనే చెప్పలె.”

అలా అని మెట్టు మీద కూర్చుంది. వాళ్లు ఆమె చుట్టూ కూర్చున్నారు. అనిత ఫోను తీసి, అమ్మ నంబరు నొక్కింది. అవతల సిమెంటు కలిపే మిషను చప్పుడు.

“అమ్మా, నాయినకియ్యి ఫోను. నాయిన్తోనే మాట్లాడాలె.”

చెయ్యి తుడుచుకుంటున్నట్టున్నాడు, కొంచెం ఆలస్యమైంది. “ఏం బిడ్డా?” అన్నాడు దాసయ్య. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గర్వం ఈసారి కూడా ఉంది.

“నాయినా, నేను ఎమ్మే పాస్ కాలేదు. నిరుడు నీకు అబద్ధం చెప్పిన. మొత్తం అయిపోయిందన్న గాని ఒక పేపర్ల ఫెయిలైన. ఇయ్యాల మళ్ల పరీక్షుంటే అది గూడ పోయింది. నిద్రపోయిన నాయినా.”

మిషను తిరుగుతూనే ఉంది. అనిత ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. అంతమందికి చాయ్ పోయించిన మనిషి, ఇప్పుడు వాళ్లందరి మధ్యా నిలబడి ఇది వింటున్నాడు. తిడితే బాగుండునని అనిపించింది.

ఎవరో మిషను ఆపారు. ఆ నిశ్శబ్దంలో నాయన గొంతు దగ్గరగా వినిపించింది.

“ఏడాది సంది ఒక్కదానివే మోసినవా బిడ్డా?”

అనిత మెట్ల మీద, అంతమంది చూస్తుండగా, గట్టిగా ఏడ్చింది.